బరువు మీద బిగించిన బోల్టు

గురజాల,
జూలై.

మావయ్యా,

చెవి మిషను పెట్టుకుంటున్నావా, ఎప్పటిలాగే డబ్బాలో దాచావా? ఫోను చేస్తే ఇటు నేను అరవడం, అటు నువ్వు ఎవరూ ఎవరూ అనడం తప్ప పని జరగదు. వాట్సాప్ పెట్టుకోమంటే ఆ బటన్ల ఫోను వదలవు. అందుకే ఈ ఉత్తరం. అమ్మ బాగానే ఉంది. నిన్ను అడిగినట్టు రాయమంది.

ఎర్ర కారుతో ఒక పని పడింది. ఈ మధ్య కారు పోటీలకు వెళ్ళడం లేదు. షెడ్డులో ఊరికే ఉంచడం ఎందుకని కిరాయికి తిప్పుతున్నాను. నవ్వకు. ఒక పెద్దావిడను మూడు వారాలకొకసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావాలి. ఆమె జబ్బు ఎముకల్లోకి పాకింది. చిన్న గతుకు పడినా ప్రాణం పోయినట్టు అరుస్తుంది. మొదట్లో ఒక ట్యాక్సీలో వెళితే దారిలో వాంతి అయిందట, డ్రైవరు సణిగాడట. అప్పటి నుంచి నా కారు తప్ప ఇంకోటి ఎక్కనని పట్టుబట్టింది.

నా కారు సంగతి నీకు తెలుసు. ర్యాలీ కోసం నువ్వే గట్టి పాలీ బుష్‌లు నొక్కి ఇచ్చావు. రోడ్డు మీద రూపాయి బిళ్ళ పడి ఉన్నా నడుముకు తెలుస్తుంది. స్ప్రింగులు, షాకబ్జార్బర్లు తీసేసి పాత మెత్తవి వేశాను. ఇక మిగిలింది బుష్‌లే. ఒరిజినల్ అయితే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ముతో కలిపి మొత్తం కొనాలంటున్నారు, అది నా వల్ల అయ్యే పని కాదు. మీ వైపు తక్కువలో రబ్బరువి దొరుకుతాయేమో చూడు. పోయినసారి తిరిగి వచ్చేటప్పుడు ఆమె, ఇంక రాను, ఏదైతే అది ఇంట్లోనే అవుద్ది అంది. అదే జరిగితే వైద్యం ఆగిపోతుంది మావయ్యా. ఆలస్యం చేయకు.

కాలేబు


కోయంబత్తూరు,
జూలై.

ఒరేయ్ కాలేబూ,

నీ ఉత్తరం చదివి షాపులో ఒక్కడినే నవ్వుకున్నాను. పనివాళ్ళు నాకు చెవులతో పాటు బుర్ర కూడా పోయిందనుకున్నారు. పోయిన ఏడాది ఇదే చేత్తో, మలుపులో వెనక భాగం ఊగుతోంది మావయ్యా, ఇంకా గట్టివి లేవా అని రాశావు. ఇప్పుడు మెత్తవి కావాలట. పులిని తెచ్చి పాలు పిండమన్నట్టుంది.

అయినా మంచి పనే. బుష్ అంటే ఏంది? ఇనుముకీ ఇనుముకీ మధ్య కూర్చుని రెండింటి దెబ్బలూ తనే తినే రబ్బరు ముక్క. పందెం బండికి అది గట్టిగా ఉండాలి, రోగిష్టి మనిషికి మెత్తగా ఉండాలి. మా వీధి చివర ఒకాయన వ్యాన్లకు, జీపులకు బుష్‌లు పోస్తాడు. పేరున్న సరుకు కాదు గాని రబ్బరు మంచిది. నీ ఆర్ముల కొలతలు నా దగ్గర ఉన్నాయి. వెనకవి ముందు పంపుతున్నాను, పెద్దావిడ కూర్చునేది వెనకేగా.

అక్క నన్ను అడిగిందా? అడిగితే పొట్ట నిండదు. వేసవి దాటిపోయినా ఈసారి పండుమిరప పచ్చడి రాలేదు. హాస్టల్లో సిస్టర్లకు వండి పెట్టే తీరిక ఉంది గాని తమ్ముడికి ఒక సీసా పంపే తీరిక లేదా అని నా మాటగా అడుగు.

ఆరోగ్యస్వామి


గురజాల,
ఆగస్టు.

మావయ్యా,

నువ్వు పంపినవి వేశాను. మొదటి రోజు ఊళ్ళో తిప్పితే బాగానే ఉంది. గుంటూరు వెళ్ళి వచ్చేసరికి వెనక నుంచి కీచుమని చప్పుడు. కారు వెనక భాగం పైకి లేచి నిలబడింది. విప్పి చూస్తే రబ్బరు ఒక పక్కన చీలి ఉంది. నీ వీధి చివరాయన నిన్ను మోసం చేశాడు.

పిడుగురాళ్ళ దగ్గర సున్నం లారీలు తొక్కి తొక్కి రోడ్డు ఎట్లా అయిందో నీకు తెలియదు. అక్కడ ఆమె అరవకుండా ఉండాలని నా సీటు మీది తువ్వాలు లాక్కుని పళ్ళతో కరిచింది. నేను అద్దంలో చూశాను. చూడకుండా ఉండాల్సింది. సత్తెనపల్లిలో ఆపి కాఫీ ఇప్పిస్తే తాగలేదు.

వచ్చేసారి రానని మళ్ళీ అంటోంది. బతిమాలాను. ఇంకొక్కసారి చూద్దాం, కారు బాగు చేస్తానని మాటిచ్చాను. అంతకంటే ఏం చేయాలో నాకు తోచడం లేదు.

కాలేబు


కోయంబత్తూరు,
ఆగస్టు.

ఒరేయ్,

రబ్బరును తిట్టకు. నిన్ను నువ్వు తిట్టుకో. నాలుగేళ్ళు నా దగ్గర పని నేర్చుకుని, ఇంటికి పోగానే నేర్చుకున్నదంతా అన్నంలో కలుపుకుని తిన్నావు.

బోల్టు ఎప్పుడు బిగించావు? జాకీల మీద చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బిగించి ఉంటావు. నువ్వు రాయకపోయినా చీలిన తీరు చెబుతోంది. పాలీ బుష్‌కు అట్లా చేసినా చెల్లుతుంది, అది లోపల తిరుగుతుంది. ఏళ్ళ తరబడి అవే వేసి వేసి నీకు అదే అలవాటైంది. రబ్బరుది వేరే గుణం. అది ఇనుముకు అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలి పడుతుంది. గాలిలో బిగించి కిందికి దించావా, నిలబడ్డ చోటే మెలి తిరిగి బిగుసుకుంటుంది. ఇక గతుకు పడితే తినడానికి దానిలో చోటేదీ?

బండి నేల మీద నిలబడాలి. ఎవరిని మోయాలో వాళ్ళ బరువు మోస్తూ ఉండాలి. అప్పుడు బోల్టు బిగించాలి. అందరూ అంత చాదస్తానికి పోరు, ఉత్త బండి బరువు చాలంటారు. నేను పోతాను. నొప్పి ఉన్న మనిషి అంటున్నావు గనక నువ్వు కూడా పో. ఆమె ఎంత బరువు ఉంటుందో అంత ఏదైనా ఆమె కూర్చునే చోట పెట్టు. పదిహేను రోజులు తిరిగాక రబ్బరు సర్దుకుంటుంది, అప్పుడు వదులు చేసి మళ్ళీ బిగించు.

ఇంకో జత పంపుతున్నాను. ముందు ఆర్ములవి కూడా ఉన్నాయి. ఈసారి పాడు చేస్తే నేనే వచ్చి నీ చెవి మెలిపెడతాను.

పచ్చడి సంగతి రాయలేదు.

ఆరోగ్యస్వామి


గురజాల,
సెప్టెంబరు.

మావయ్యా,

నువ్వు అన్నట్టే గాలిలోనే బిగించాను. తిట్లన్నీ నాకే చెందాలి.

నా షెడ్డులో గుంత లేదని నీకు తెలుసు. నాపరాళ్ళు నాలుగు దొంతరలు పేర్చి, కారును వాటి మీదికి ఎక్కించి, కిందికి దూరాను. వెనక ఎడమ సీట్లో పక్కింటి వాళ్ళ మిర్చి టిక్కీ, ఎండుకాయ కుక్కిన గోతం, ఒకటి అడిగి తెచ్చి పెట్టాను. ఘాటుకు తుమ్ముతూ తుమ్ముతూ బోల్టులు బిగించాను. కారు సమంగా నిలబడింది.

మొన్న ప్రయాణంలో సత్తెనపల్లి దాకా ఆమె నోట చప్పుడు లేదు. లేదంటే అసలు లేదని కాదు, పిడుగురాళ్ళలో ఒకసారి అబ్బా అంది. కానీ తువ్వాలు కరవలేదు. తిరిగొచ్చేటప్పుడు మంచినీళ్ళు అడిగి తాగింది. నువ్వు బాగా నడుపుతున్నావురా అంది. ఆ మాటకు నాకు కళ్ళు తిరిగినంత సంతోషమైంది.

నువ్వు చెప్పినట్టు రబ్బరు సర్దుకున్నాక మళ్ళీ బిగించాను. ఈసారి టిక్కీ బరువు ఎక్కువైంది. మూతి విప్పి రెండు గంపల కాయ తీసేయాల్సి వచ్చింది. నిన్న ముందు వైపు వేసేటప్పుడు ఇంకో గంప తీశాను.

ఇంకా మెత్తవి ఏమైనా ఉన్నాయా? ఇవి బాగానే ఉన్నాయి. అయినా అడుగుతున్నాను.

కాలేబు


కోయంబత్తూరు,
సెప్టెంబరు.

కాలేబూ,

కిరాయికి ఎక్కే మనిషి ఎంత తూగుతుందో ఏ డ్రైవరుకు తెలుసురా? అందులోనూ వారం వారం ఎంత తగ్గిందో, గంపతో సహా?

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. మొదటి దానిలో అమ్మ బాగానే ఉంది అన్నావు. ఆ తర్వాత ఆమె ఊసే లేదు. పచ్చడి రాలేదు. ఎప్పుడూ నీ ఉత్తరం అడుగున రెండు వరుసలు ఆమె చేత్తో రాసేది, మిషను పెట్టుకోరా చెవిటోడా అని. అదీ లేదు. అద్దంలో చూడకుండా ఉండాల్సింది అని రాశావు. పరాయి మనిషిని చూసి ఏ డ్రైవరూ అట్లా రాయడు.

ఆ టిక్కీ మా అక్క గదరా.

నిజం రాయి. నాకు ఫోనులో వినపడదు, ఎవరినీ అడగలేను. నువ్వు రాస్తేనే నాకు తెలుస్తుంది.

ఆరోగ్యస్వామి


గురజాల,
అక్టోబరు.

మావయ్యా,

అవును. అమ్మే.

ఏప్రిల్‌లో తెలిసింది. రొమ్ములో మొదలైందట, ఎన్నాళ్ళ నుంచి దాచిందో తెలియదు. తెలిసేసరికి ఎముకల్లోకి వచ్చేసింది. జూన్ దాకా హాస్టల్లో వంట చేస్తూనే ఉంది. గరిట తిప్పలేక ఒకరోజు పొయ్యి దగ్గరే కూలబడితే సిస్టర్లు ఇంటికి పంపారు.

నీకు రాస్తానంటే ఒట్టు వేయించుకుంది. ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "వాడికి చెప్పావంటే నా మీద ఒట్టే. వాడొచ్చి నా ముందు కూచుని ఏడుస్తాడు. నా నొప్పి నేను పడాలా, వాడిని ఓదార్చాలా?" అందుకే పెద్దావిడ, కిరాయి అని కథలల్లాను. నీకు అబద్ధం చెప్పాలని కాదు. నీ సాయం లేకుండా నాకు చేతకాలేదు, ఒట్టు తప్పడానికీ ధైర్యం చాలలేదు.

నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషిని ఇప్పుడు నేను మంచం మీంచి కారులోకి ఎత్తుకుని తీసుకెళుతున్నాను. బరువే లేదు మావయ్యా. నాకు చానా భయంగా ఉంది. నువ్వు వస్తే నేను చెప్పానని తెలిసిపోతుంది, ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. దయచేసి ఇప్పుడే రావద్దు.

కాలేబు


కోయంబత్తూరు,
అక్టోబరు.

కాలేబూ,

ఉత్తరం వచ్చిన రోజు షాపుకు పోలేదు. గదిలోనే కూర్చున్నాను.

ఆమె అన్నది నిజమే. నేను ఏడుస్తాను. మా అమ్మ పోయినప్పుడు నేను అరుగు మీద పడి ఏడుస్తుంటే అక్క అన్నం కలిపి తెచ్చి నోట్లో పెట్టింది. ఆ రోజు ఆమె ఎప్పుడు ఏడ్చిందో నాకు తెలియదు. నన్ను ఊరుకోబెట్టడంతోనే ఆమెకు పొద్దు పోయింది. అందుకని నాకు కోపం లేదు. రమ్మనేదాకా రాను.

నీకు ఒట్టు పెట్టింది గాని నా చేతులకు పెట్టలేదు. వీధి చివరాయనను అడిగి అచ్చు తెచ్చుకుని ఈ జత నేనే పోశాను. మూడుసార్లు చెడిపోయింది. ఇది వేలితో నొక్కితే లోపలికి పోతుంది, అంత మెత్తన. దీన్ని ఎవరికీ అమ్మకూడదు. ఏడాది తిరగకముందే నలిగి పిప్పి అవుతుంది. మలుపుల్లో కారు ఊగుతుంది, నెమ్మదిగా పో. ఎక్కువ కాలం రాదని తెలిసే చేశాను. మనకు అంత కాలం అక్కర్లేదని రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాశాను.

ఈసారి టిక్కీ పెట్టకు. అక్కనే కూర్చోబెట్టి బిగించు. ఎవరు చేశారని అడిగితే బజార్లో కొన్నానని చెప్పు.

మావయ్య


గురజాల,
నవంబరు.

మావయ్యా,

ఈ ఉత్తరం కొరియర్‌లో వేస్తున్నాను, తొందరగా చేరాలని.

నాపరాళ్ళ మీద కారు నిలిపి అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టాను. జపమాల చేతిలో పట్టుకుని, కింద ఏందిరా చేస్తున్నావు, ఎలకలు పడుతున్నావా అని వేళాకోళం చేసింది. నేను కింద పడుకుని బోల్టులు బిగిస్తుంటే పైన ఆమె జపం వినపడుతూ ఉంది.

పిడుగురాళ్ళ రోడ్డు మీద అమ్మ నిద్రపోయింది. నిజంగా నిద్ర. సున్నం లారీల పక్క నుంచి వెళుతున్నా కళ్ళు తెరవలేదు. గుంటూరులో నేనే లేపాల్సి వచ్చింది. అక్కడ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక తీసుకురానక్కర్లేదు, ఇంట్లో ప్రశాంతంగా చూసుకోండి అన్నాడు. కారు ఇంత బాగా కుదిరాక ఆ మాట విన్నాను.

తిరిగి వస్తుంటే అమ్మే అడిగింది, డాక్టరు ఇంక రావద్దన్నాడా అని. తల ఊపాను. తర్వాత అంది: "ఇంత మెత్తన చేయడం నీ వల్ల అయ్యేది కాదు. నా తమ్ముడికి చెప్పావు గదా." నేను ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "రమ్మను. ఏడవకుండా రమ్మను" అంది.

నరసరావుపేట స్టేషనుకు తనే వచ్చి నిన్ను ఎక్కించుకుంటుందట. వద్దంటే వినడం లేదు. వెంటనే బయలుదేరు.

కాలేబు


కోయంబత్తూరు,
నవంబరు.

కాలేబూ,

టికెట్టు దొరికింది. శుక్రవారం గుంటూరులో దిగి, అక్కడి నుంచి పాసింజరులో పొద్దెక్కేసరికి పేట చేరతాను. ఆమెను అంత దూరం తిప్పొద్దని రాద్దామనుకున్నాను. కానీ అక్క వస్తానంటే ఆపగలిగిన మగాడు మన ఇంట్లో పుట్టలేదు. తీసుకురా. దుప్పటి కప్పు.

ఏడవనని చెప్పు. మిషను కూడా పెట్టుకుని వస్తాను.

మావయ్య


గురజాల,
డిసెంబరు.

మావయ్యా,

నువ్వు వెళ్ళాక సమాధికి సున్నం వేయించాను. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. షెడ్డు ఇంకా తీయలేదు. కారు దుప్పటి కప్పి ఉంచాను, దాని వైపు చూడబుద్ధి కావడం లేదు.

నీ ఎదురుగా ఈ మాట అడగలేకపోయాను. రాయడమే నయం. ఆ రోజు పొద్దున అమ్మ పిడుగురాళ్ళ దాకా మాట్లాడింది. నీకు ఇష్టమని చేపల పులుసు చేయించమంది. నకరికల్లు అడ్డరోడ్డు దాటాక కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టిందనుకున్నాను. లేపకూడదని పాట కూడా ఆపేశాను. స్టేషను ముందు నువ్వు వెనక తలుపు తీసి ఎక్కావు. నిద్రపోతోంది, నెమ్మదిగా పోనీ అన్నావు. దారంతా నువ్వు ఆమెతో ఏదో మాట్లాడుతూనే ఉన్నావు. అద్దంలో ఆమె తల నీ భుజం మీద చూసి నేను సంతోషించాను మావయ్యా. ఆ సంతోషం తలుచుకుంటే నాకు అసహ్యం వేస్తోంది. ఇంటి ముందు బండి ఆపాకే అమ్మ లేదని నువ్వు చెప్పావు.

నీకు ఎప్పుడు తెలిసింది? అమ్మ ఎక్కడ పోయింది? ఆ గట్టి బుష్‌లే ఉండి ఉంటే ఏదో ఒక గతుకులో అరిచేది. నాకు తెలిసేది. ఆపేవాడిని, వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకునేవాడిని. నీ రబ్బరు నాకు అది కూడా దక్కకుండా చేసింది. ఇట్లా రాస్తున్నందుకు ఏమనుకున్నా సరే.

కాలేబు


కోయంబత్తూరు,
డిసెంబరు.

కాలేబూ,

ఏమీ అనుకోను. అడగాల్సిన మాటే అడిగావు.

స్టేషను ముందు తలుపు తీసినప్పుడే తెలిసింది. ఎక్కి చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. కానీ ఆ వేళ్ళు నా చేతిని తిరిగి పట్టుకోలేదు. నేను ఎప్పుడు ఊరికి వచ్చినా ఎముకలు విరిగేటట్టు పట్టుకునే మనిషి. ఎక్కడ పోయిందో నాకూ తెలియదు. నకరికల్లుకీ పేటకీ మధ్య. అంతకంటే ఎవరూ చెప్పలేరు.

అప్పుడే నీకు చెప్పి ఉంటే ఏమయ్యేది? అక్కడే, ఆటోల మధ్య, జనం మూగేవాళ్ళు. నువ్వు ఏదో ఒక ఆసుపత్రికి పరిగెత్తేవాడివి. అక్కడ ఎవరో తెలియనివాళ్ళు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, బట్టలు సర్ది, కాగితాలు రాసేవాళ్ళు. పరాయి కారు ఎక్కడానికే సిగ్గుపడిన మనిషి ఆమె. లేదా నువ్వు ఏడుస్తూ ఆ లారీల మధ్య నడిపేవాడివి. ఒకే రోజు ఇద్దరిని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. అందుకే నిద్రపోతోంది అన్నాను. నీతో నేను చెప్పిన పెద్ద అబద్ధం అది. మళ్ళీ చెప్పాల్సి వస్తే మళ్ళీ చెబుతాను.

మాట్లాడటం అంటావా. రైల్లో సీటు దొరకలేదని, గుంటూరులో టీ బాగాలేదని చెప్పాను. నువ్వు కారు బాగా నడుపుతున్నావని చెప్పాను. ఎదుటివాళ్ళు ఏమన్నారో వినపడకుండా మాట్లాడటం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. ఆ రోజు అది పనికొచ్చింది. ఏడవకుండా రమ్మంది గనక గురజాల దాకా ఏడవలేదు.

గట్టివి ఉంటే అరిచేది అన్నావు. నిజం. అరిస్తే నీకు తెలిసేది, అదీ నిజం. ఆమె అరవకూడదనే గదరా నువ్వు నాకు రాసింది. రెండూ దొరకవు. నాకు కూడా ఆఖరి మాట దక్కలేదు. మొత్తం దక్షిణ దేశం దాటి వచ్చి, ఒక అడ్డరోడ్డు దూరంలో పోగొట్టుకున్నాను. నీ కోపం నా మీద ఎన్నాళ్ళు ఉంచుకున్నా ఫరవాలేదు, రాయడం మానకు.

ఒక్క సంగతి ఆ రోజే నీకు చెప్పాల్సింది. జనంలో, ఏడుపుల్లో కుదరలేదు. తలుపు తీయగానే నేను మొట్టమొదట చూసింది ఆమె నొసలు. నొప్పి వస్తే ఆమె నొసలు ఎట్లా ముడుచుకుంటుందో నీకు తెలుసు, నాకూ చిన్నప్పటి నుంచి తెలుసు. ఒక్క ముడత కూడా లేదురా.

నీ మావయ్య
ఆరోగ్యస్వామి